వాకిలి దాటినంక కట్టిన కట్టు

జర దగ్గరికి జరుగుండ్రి. గా గోడకు ఒరిగి కూసున్నోళ్లు గూడ ముందుకు రాండ్రి, నా గొంతు ఇప్పుడు గంత దూరం పోతలేదు. చేతుల పనుంటె చేసుకుంటనే వినుండ్రి, పనికి ముచ్చట అడ్డం రాదు. కట్టు అనే మాట గురించి చెప్పుత. మీరిప్పుడు గా మాట ఎక్కువ వాడుతలేరు. మా దినాలల్ల అయితె గది లేకుంటె పొద్దు వోకపోయేది.

కట్టంటె ఏందని మీరు అడుగుతరు. తాడుతోని కట్టేది గాదు, కంటికి కనవడనిది. మనిషికి కాళ్లుంటయి, బాట ఉంటది, గని కదలబుద్ధి గాదు. గట్లాంటోన్ని సూసి "కట్టు వడ్డది" అనేటోళ్లు. బర్రె పొదుగు నిండ పాలు వెట్టుకొని గిన్నె పెట్టంగనే తన్నిందనుకోండ్రి, "ఎవలో కట్టిన్రు" అనేటోళ్లు. పిల్లలకు అమ్మవారు పోస్తె, రోగం ఊర్లెకు రాకుంట పొలిమేర కట్టేటోళ్లు. మా వాడల ఒకాయన ఉండె, పొద్దున లేస్తె బస్టాండు కాడి చాయ్ హోటల్ల కూసుండి వచ్చే పోయే బస్సులు సూసుడే ఆయన పని. ఆయన పెండ్లాం హోటల్ ముంగట నిలబడి, "నిన్ను గీ బెంచికి ఎవలు కట్టేసిన్రయ్యా" అని మొత్తుకునేది. ఆయన చాయ్ ఊదుకుంట, "గదే నాకు గూడ సమజైతలేదే" అనేటోడు.

నేను చిన్నగున్నప్పుడు మా అవ్వ పసుపు ఉడకవెట్టే కాడికి కూలికి పోయేది. పెద్ద కడాయిల పచ్చి కొమ్ములు నింపి, మీద గోనెసంచులు కప్పి, కింద మంట వెడితె, మన్ను వాసన, ఘాటు, జర తీపి కలిసి ఆవిరి లేస్తది. ఆర్మూర్ల పుట్టినోళ్లకు గా వాసన చెప్పవల్సిన పని లేదు, బట్టలకు వట్టి ఉంటది. నేను గా ఆవిరి దిక్కు సూసుకుంట నిలబడిపోయేదాన్ని. తిండి యాదికి రాకపోయేది. "ఎవలు కట్టేసిన్రే నిన్ను" అని మా అవ్వ నెత్తి మీద ఒకటిచ్చి గుంజుకపోయేది. గందుకని నాకు గా మాట శాన దినాలు ఇష్టమైన మాటనే. మనసైన దాని ముంగట నిలబడిపోవుడే కట్టు అనుకున్న. దానికి ఇంకో మొఖం ఉంటదని పెండ్లయినంక ఎరుకైంది.

మా ఆయన మార్కెట్ల పసుపు సంచులు మోసేటోడు. మాటలు తక్కువ. అంగి ఎంత ఉతికినా పచ్చగనే ఉండేది. పెండ్లయి ఏడాది తిరుగకముందే మస్కట్ పోవుడు ఖాయమైంది. గప్పుడు మా దిక్కు ఇంటికొకరు గట్ల పోవుడు మొదలైన కాలం. రెండేండ్లని చెప్పిన్రు. రెండేండ్లే గదా, గడియల వోతయని అందరన్నరు. నేను గూడ అన్న.

మా అత్తోళ్ల ఇంట్ల ఒక పద్ధతి ఉండె. ఇంటి మొగోడు దూరం పోయేటప్పుడు ఆయన పేరు మీద పసుపుకొమ్ము కట్టాలె. ఆయన తొడిగిన అంగిలకెల్లి ఒక దారం గుంజాలె. పురుగు వట్టని నిండు కొమ్ముకు గా దారం చుట్టాలె. ఆయన నడింట్ల కూసుండి బువ్వ తింటుండంగనే దూలానికి ముడి వేయాలె. మనిషి ఇంట్ల ఉన్నప్పుడే ముడి వడాలె. గప్పుడు ఆయన మనసు ఇంటికి కట్టు వడ్తదట. మళ్ల వచ్చినంక ఆయన చేతితోనే ఇప్పాలె. మా మామ బతికున్నప్పుడు బొంబాయి మిల్లుకు పోయిన ప్రతిసారి మా అత్త గట్లనే కట్టిందట, ప్రతిసారి ఆయన తిరిగొచ్చిండట.

పోయే దినం పొద్దుగాల ఆయన పీట మీద కూసున్నడు. మా అత్త పళ్లెంల బువ్వ వెట్టింది, అంగి దారం గుంజి చేతుల వట్టుకున్నది.

"పిల్లా, లోపలి కుండలకెల్లి మంచి కొమ్ము ఒకటి తే. జల్ది."

నేను లోపలి అర్రలకు పోయిన. కుండల చెయ్యి వెట్టిన. కొమ్ము మొదటిసారికే దొరికింది, మంచిగ బొటనవేలంత లావున్నది. గని నా కాళ్లు మళ్లలే. ఆయన విడిచిన పాత అంగి గోడ మొలకు యాలాడుతున్నది, దాన్ని వట్టుకొని నిలబడ్డ. గింతల ఆయన లోపలికి వచ్చిండు. చెంబు కోసం వచ్చినట్టు వచ్చిండు, చెంబు ఆయన కాళ్ల కాడనే ఉండె, తీసుకోలే. తలుపెనుక ఇద్దరం నిలబడ్డం. ఆయన నా దిక్కు సూసిండు, నేను ఆయన దిక్కు సూసిన. ముట్టుకోలే, మాట్లాడలే. ఏడాది కాపురంల పగటిపూట మేమిద్దరమే ఒక్కకాడ నిలబడ్డది గదే మొదలు. ఎంతసేపో ఎరుకలేదు. బయట జీపు వచ్చి హారన్ కొట్టింది, మళ్ల కొట్టింది. అనుకున్నదానికంటె ముందుగాలనే వచ్చింది గా జీపు.

ఆయన ఎంగిలి చెయ్యి కడిగీకడగనట్టు కడుక్కున్నడు, తన అవ్వ కాళ్లు మొక్కిండు, పెట్టె ఎత్తుకున్నడు. నేను కొమ్ము తెచ్చేవరకు జీపు మూల మలుగుతున్నది. మా అత్త నా చేతిలకెల్లి కొమ్ము గుంజుకొని, పీట ఎక్కి గబగబ దూలానికి కట్టింది. "గింత ఆలస్యమేందే?" అన్నది. "మంచిది దొర్కలే అత్తమ్మా, అన్ని పుచ్చులే" అన్న. గది అబద్ధం. గా అబద్ధం నా గొంతుల ముల్లు తీర్గ మూడేండ్లు ఉన్నది.

మొదటి ఏడు గడిచింది. ఎవలో తిరిగొచ్చేటాయన చేతికిచ్చి టేపురికార్డరు, దానితోని ఒక క్యాసెట్టు వంపిండు. నేను రెండో తరగతే, మా అత్తకు అక్షరమే రాదు, ఉత్తరమైతె ఎవలతోనో చదివించుకోవాలె. క్యాసెట్టయితె ఆయన గొంతే వస్తది. అయితె గప్పుడు మా దిక్కు ఒక అలవాటు ఉండె, ఎవలింటికి క్యాసెట్టొచ్చినా వాడంత వచ్చి వినాలె. తలుపు మూసుకొని వింటె మర్యాద గాదు. మా ఇంట్ల గూడ నడింట్ల జనం, గడప మీద జనం, కిటికీల మొఖాలు. మా అత్త ముంగట కూసున్నది, నేను పొయ్యి కాడ.

"అవ్వా, బాగున్నవా? మోకాళ్ల నొప్పి తక్కువైందా? ఈడ నేను బాగనే ఉన్న. ఎండలు మస్తున్నయి. చిన్నాయనకు, పెద్దవ్వకు, పక్కింటోళ్లకు అందరికి దండాలు." గట్ల అందరిని పేరు పేరున అడిగిండు. ఆఖరికి జర ఆగిండు. గొంతు సవరిచ్చుకున్నడు. "ఇంట్లోళ్లు గూడ బాగున్నరా" అన్నడు. టేపు అయిపోయింది.

ఆడోళ్లందరు నా దిక్కు మళ్లి నవ్విన్రు. "ఇంట్లోళ్లు గూడనట! ఓ ఇంట్లోళ్లూ, చెప్పుండ్రి, బాగున్నరా?" నేను పొయ్యిల కట్టె సర్దిన. గా ఒక్క మాటలనే నేనున్న. తర్వాత మా అత్త ఎన్నిసార్లు వెట్టినా నేను గా మాట కోసమే చెవులు వెట్టుకొని ఉండేదాన్ని. ఆయన ఆగిన గా జరంత సేపుల ఏం అనాలనుకున్నడో అని తలుసుకునేదాన్ని.

రెండేండ్లయినయి. రాలే. కాగితాలు కాలేదని కబురొచ్చింది. మూడో ఏడు సగం వోయింది.

గప్పుడు నేను, మా అత్త బీడీలు చేసి వాడ చివరి కార్ఖానల ఇచ్చేటోళ్లం. ఒక దినం మా పక్కింటి పెద్దవ్వ, గామె పండ్లు లేని నోటితోని వాడ అందరి జాతకాలు చెప్పేది, చాట ముంగటేసుకొని మొదలువెట్టింది.

"ఏం పోరీ, రెండేండ్లని పోయినోడు రాకపాయె."

"వస్తడు పెద్దవ్వా. కాగితాలు ఆగినయట."

"కాగితాలా? కాగితం మనిషిని ఆపుతదా? కట్టు ఆపుతది. గాడ ఎవతన్న చాపల పులుసు వండి వెట్టి కట్టేసిందేమో సూసుకో."

పక్కలున్న ఇంకో ఆమె కిసుక్కుమన్నది. "మా వదినె గూడ వండుతది గదా, పులుసుల ఉప్పెక్కువైతదని ఉరికిండేమో!"

అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన. పెద్దవ్వ నవ్వలే. నా దిక్కు వంగి మెల్లగ అడిగింది.

"మీ అత్త ముడి ఎప్పుడేసింది? ఆయన తింటుండంగనా, లేసినంకనా?"

నా చేతుల బీడీ విచ్చుకపోయింది.

"వాకిలి దాటినంక కడితె గది ఇంటికి కట్టు గాదే పిల్లా. గా యాల్ల ఆయన కాళ్లు బాట మీదున్నయి. బాటకే కట్టు వడ్డడు. యాడికి వోయిండో గాడనే ఉంటడు. గది ఎవలో కట్టింది గాదు, మీ ఇంట్లకెల్లే వడ్డది."

గా దినం నుంచి నాకు కంటికి నిద్ర లేదు, నోటికి బువ్వ లేదు. మీకు ఇప్పుడు నవ్వు రావచ్చు. నాకు రాలే. ఆయన రాకపోవుడు నా వల్లనే అనుకున్న. తలుపెనుక నిలబడ్డ గా జరంత సేపు కోసం ఆయనను దేశం గాని దేశంల కట్టేసిన అనుకున్న. ముడి ఇప్పుదామంటె ఇంకో భయం. ఆయన చేతితోనే ఇప్పాలె గదా. ఇంకొకరు ఇప్పితె మనిషి ఇంటికి గూడ కట్టుండడు, ఇష్టమొచ్చిన దిక్కు పోతడంటరు. ఉంచితె రాడు, ఇప్పితె అటే పోవచ్చు. బీడీలు చేసుకుంట తలెత్తి దూలం దిక్కే సూసేదాన్ని. కొమ్ముకు పొగ వట్టి నల్లగైంది.

మళ్ల పసుపు ఉడకవెట్టే దినాలొచ్చినయి. ఊరంత గా ఆవిరి వాసన. గా వాసనల పెరిగిన మనిషి, గా వాసన లేని కాడ ఎట్లుంటున్నడో అని ఒక దినం మధ్యాన్నం అనుకున్న. ఆయన నా దగ్గరికి రాకున్నా మంచిదే, గాడ మాత్రం ఆయనను కట్టుల ఉంచొద్దు అనిపిచ్చింది. మా అత్త మార్కెట్ల కొమ్ములు ఏరే కూలికి పోయింది. నేను బియ్యం డబ్బా బోర్లేసి ఎక్కిన. మాది పాత పెంకుటిల్లు, దూలం కిందికే ఉంటది. గోర్లతోని ముడి రాలే. పండ్లతోని వట్టిన.

"ఏం జేస్తున్నవ్ పిల్లా?"

గడపల మా అత్త.

"బూజు దులుపుతున్న అత్తమ్మా."

"బూజు కొరికి దులుపుతరా?"

డబ్బా మీదనే కూలవడి ఏడ్చిన. అంత చెప్పిన. పెద్దవ్వ అన్నది చెప్పిన. కొమ్ము మొదటిసారికే దొరికిందని, పుచ్చులని అబద్ధం చెప్పిన అని, తలుపెనుక నిలబడ్డమని చెప్పిన. ఇంట్లకెల్లి ఎల్లిపొమ్మంటదనుకున్న. మా అత్త కొంగుతోని మొఖం తుడుచుకొని గడప మీద కూసున్నది.

"నాకెరుకే" అన్నది.

"ఏమెరుక?"

"నువ్వు కొమ్ముకు పోయినవ్. ఎనుకనే వాడు చెంబుకు పోయిండు. ఒక కొమ్ము, ఒక చెంబు తెచ్చెతందుకు ఇద్దరికి గంత సేపా? కుండల ఏమన్న బావి ఉన్నదా?"

నాకు ఏడుపుల నవ్వొచ్చింది.

"మరి గప్పుడే పిలువకపోతివి అత్తమ్మా. పిలిస్తె వచ్చేదాన్ని గదా."

ఆమె చెప్పులు విడిచి, కాలి మన్ను దులుపుకున్నది.

"ఏం పిలువాలె? గీ ఇంట్ల మీరిద్దరే ఉండె జాగ ఎన్నడన్న దొర్కెనా? గా ఒక్క గడియ గూడ నేనే గుంజుకోవాల్నా? కట్టు వోతె వోనియ్ అనుకున్న. గప్పుడు అనుకున్న గని, తర్వాత నేను గూడ నిద్ర వోలే. ఇప్పుదామని నేను గూడ ఎన్నోసార్లు సూసిన. గీ మోకాళ్లతోని మళ్ల ఎక్కుడు నాతోని అయితలే."

గట్లని లేసి వచ్చి డబ్బా వట్టుకున్నది. "ఎక్కు. తెంపకు, ఇప్పు. ఎంతసేపైనా మంచిదే." నేను ఎక్కి మెల్లగ ఇప్పిన. దారం చేతులకొచ్చింది. కొమ్మును దేవుని కాడ వెడుదామా అని అడిగిన. "ఎందుకు? తినేదే గదా" అని రోట్లేసి దంచింది. గా పొద్దు పప్పుల గదే పసుపు.

తెల్లారి మా అత్త నా ముంగట కొత్త క్యాసెట్టు ఒకటి వెట్టింది. "వానికి జవాబు నువ్వొక్కదానివే చెప్పు. అందరి దండాలు తర్వాత వంపుదం." వాడోళ్లకు మా టేపురికార్డరు ఖరాబైందని చెప్పింది, ఎవలు రావద్దన్నది. తలుపు దగ్గరికేసి బయట అరుగు మీద కావలి కూసున్నది. ఆమె దగ్గు నాకు వినవడుతనే ఉండె.

ఎర్ర బటన్ ఒత్తిన. టేపు తిరుగుతున్నది, నాకు మాట రాలే. చేతులు ఊకె ఉండలేక కత్తెర తీసుకొని బీడీ ఆకు కత్తిరిచ్చుకుంట కూసున్న. శాన సేపటికి, "నేనే" అన్న. తర్వాత ఒక్కొక్కటే చెప్పిన. కొమ్ము ముచ్చట చెప్పిన. "అవ్వ, నేను కలిసి ఇప్పినం. నిన్ను రమ్మని కట్టుతలేను, వద్దని అంటలేను. నీ మనసుకు ఎట్లుంటె గట్ల చెయ్యి. నేనైతె ఈడనే ఉన్న" అన్న. ఇంకేం చెప్పాల్నో ఎరుకలేక, ఆయన పాత అంగి ఇంకా మొలకే ఉన్నదని చెప్పిన.

జవాబు వానకాలంల వచ్చింది. తెచ్చినాయన రెండు క్యాసెట్లు ఇచ్చిండు. మా అత్త ఒకటి తన ఒడిల వెట్టుకొని, ఇంకోటి నా చేతులేసింది. "గిది నీదట" అని చాట ఎత్తుకొని పెద్దవ్వ ఇంటికి పోయింది.

"విన్న" అన్నడు ఆయన. "రూముల అందరు బజారు వోయినంక ఒక్కన్నే విన్న. మళ్ల విన్న. పిచ్చిదానా, నన్ను ఎవతి కట్టలే, మీ ముడి గూడ కట్టలే. ఈడ పనిచ్చిన సేటు, కఫీల్ అంటరు, పాస్‌పోర్టు గుంజుకొని బీరువల వెట్టి తాళమేసిండు. అందరి ముంగట చెప్తె అవ్వ భయవడ్తదని చెప్పలే. నువ్వు గూడ చెప్పకు. రోజు అడుగుతున్న. ఇస్తనన్నడు. ఇయ్యంగనే వస్త." తర్వాత మెల్లగ, "నువ్వు ఏమనకుంట ఆకు కత్తిరించినవ్ సూడు, నాకు గక్కడనే ఇల్లు కండ్లవడ్డది" అన్నడు.

బటన్ ఆపుడు మరిచిపోయినట్టున్నడు. ఎవలో దూరం నుంచి పిలిచిన్రు, ఆయన "ఆగో, వస్తున్న" అన్నడు, చెప్పుల సప్పుడు, తలుపు సప్పుడు. తర్వాత ఉత్త ఫ్యాను గుయ్యిమనుడు. టేపు అయిపోయే దాక నేను గా ఫ్యాను సప్పుడే విన్న. ఆయన లేని గా అర్రల ఒక్కదాన్నే కూసున్నట్టుండె.

"ఏమన్నడే?" అని మా అత్త వచ్చినంక అడిగింది.

"బాగున్నడట అత్తమ్మా."

ఆమె నా మొఖం దిక్కు సూసి, "గా పుచ్చుకొమ్ముల తీర్గనా?" అన్నది.

ఇంకో ఏడాదికి వచ్చిండు. మధ్యాన్నం, ఆటోలకెల్లి దిగిండు. చెంపలు లోపలికి వోయినయి, ఒంటికి ఎరుకలేని సబ్బు వాసన. మా అత్త మొఖమంత చేతులతోని తడిమింది, తర్వాత బీడీల చాట ఎత్తుకొని బయటికి పోయింది. ఆయన నడింట్ల పెట్టె వట్టుకొని నిలబడ్డడు. పీట దిక్కు సూసిండు, మంచం దిక్కు సూసిండు. చుట్టపోడు అడిగినట్టు, "నేను ఏడ కూసోవాలె?" అని అడిగిండు.

గా మాటకు నా లోపల ఏమైందో మీకు చెప్పరాదు. చెయ్యి వట్టి కూసోవెట్టిన.

రెండు నెలలున్నడు. ఆయనకు ఇల్లు మళ్ల అలవాటైంది, నాకు ఆయన అలవాటైండు, గింతల సెలవు అయిపోయింది. మళ్ల జీపు వచ్చింది. గీసారి మా ఇంట్ల ఎవలు కట్టు మాట ఎత్తలే. తర్వాత ఎన్నేండ్లు గట్లనే నడిచిందో, తలెంటికలు తెల్లవడ్డంకనే ఆయన పూరాగ ఇంటికొచ్చిండు. గా నడుమ ఫోన్లొచ్చినయి, బస్టాండు కాడి బూత్‌ల లైన్ల నిలబడి మాట్లాడిన, గాడ గూడ ఎనుక పది మంది చెవులు.

అంతకుముందు నాకు బాధయితె కట్టును తిట్టుకునేదాన్ని. ఎవలో చేసిన్రు, ముడి తప్పు వడ్డది, గడియ దాటింది అని మనసుకు చెప్పుకునేదాన్ని. ముడి ఇప్పినంక తిట్టుకుందామంటె ఏం లేకుండె. ఉత్త మనిషి యాది ఒక్కటే మిగిలింది. గది శాన బరువు బిడ్డలారా. అయినా గదే మంచిగుండె. ఆయన రావాలని ఎదురుసూసుడు పూరాగ నాదే, దానిల ఇంకెవలి చెయ్యి లేదు.

ఇగ లేవుండ్రి, పొద్దు వంగుతున్నది. విన్నోళ్ల ఇండ్లు సల్లగుండాలె. మీ ఇంట్ల దూరం వోయినోళ్లు పాణం మంచిగ తిరిగిరావాలె. వచ్చినోళ్లకు తమ ఇంట్ల ఏడ కూసోవాల్నో అడిగే అక్కెర రావొద్దు. మీ పీట మీద ఎవలి జాగ వాళ్లకు ఉండాలె, మీ కోడండ్లకు మీ ఇంట్ల ఒక్క గడియన్న తలుపు దగ్గరికేసుకునె జాగ దొర్కాలె.